నాచు బస్తా కంపెనీ గేటు లోపలే ఉండాలె, మన చెరువుల కాదు

ఇయ్యాల పోస్టు పెద్దగనే ఉంటది. ఫ్యాక్టరీల కింద వాగు, చెరువు ఉన్న ఊళ్లోళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి.

"సముద్రపు నాచు ఎండబెట్టి నీళ్లల వేస్తే సీసం, కాడ్మియం అన్నీ గుంజేస్తది, నీళ్లు అద్దం లెక్క అయితయ్" అని ఒక వీడియో మన వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్నది. దానికి తోడు మా దిక్కు ఒక కంపెనీ మనిషి వచ్చి "మీ చెరువుకి నాచు బస్తాలు ఫ్రీగ ఇస్తం, మత్తడి కాడ, తూము కాడ కట్టుకోండి, ఖర్చంత మాదే" అని చెప్పిపోయిండు. కొంతమంది సంబురపడ్డరు కూడా.

నా మాట ముందే చెప్తున్న. నాచు సంగతి అబద్ధం కాదు. అది నిజంగనే పని చేస్తది. కానీ అది పని చేసే జాగ కంపెనీ గేటు లోపల, నీళ్లు పైపు దాటి బయటికి రాకముందు. మన చెరువుల కడితే పని కాదు. పైగా కంపెనీ చేయాల్సిన పని మన నెత్తిన పడ్తది, విషం పట్టిన బస్తా మన ఒడ్డునే మిగుల్తది. ఎందుకో ఒక్కొక్కటి చెప్త.

నాచు ఎట్ల పట్టుకుంటది

మనకు తెలిసిన ముచ్చటతోనే చెప్త. నల్లరేగడిల పొటాష్ వేస్తే వానకు తొందరగ కొట్టుకపోదు. చెల్కల వేస్తే పోతది. ఎందుకు? రేగడి బంకమట్టి పొటాష్‌ను, అమ్మోనియాను పట్టుకుంటది, తన దగ్గరున్న సున్నాన్ని ఇడుస్తది. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకునుడు. నాచుల జరిగేది కూడా గిదే.

సముద్రంల రాళ్ల మీద పెరిగే గోధుమరంగు నాచు జాతులు ఉన్నయ్. సర్గాసం అనేది అందుల ఒకటి. తమిళనాడుల మన్నారు సింధుశాఖల, మన విశాఖపట్నం ఒడ్డు రాళ్ల మీద కూడా పెరుగుతది. దీని గోడలల్ల ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటది. ఐస్‌క్రీముల చిక్కదనానికి వేసేది, పండ్ల డాక్టర్లు అచ్చు తీసేది ఈ ఆల్జినేట్‌తోనే. దీనికి సున్నం, సోడియం అంటుకొని ఉంటయ్. సీసం, రాగి, కాడ్మియం ఉన్న నీళ్లు తగిలితే సున్నాన్ని ఇడిసి ఆ లోహాన్ని పట్టుకుంటది. నాచు బతికి ఉండాల్సిన పని లేదు. ఎండి సచ్చిన నాచే చాలు. ఎక్కువ భాగం ఒక గంట లోపలే పట్టుకుంటది.

ఎంత పట్టుకుంటది? ప్రయోగశాలల ఒక గ్రాము ఎండు సర్గాసం 200 మిల్లీగ్రాముల పైన సీసం పట్టుకున్నట్టు తేలింది. కాడ్మియం అయితే 100 మిల్లీగ్రాముల దరిదాపు. పట్టిన నాచును పల్చటి యాసిడ్‌తోని కడిగితే లోహం ఊడి వస్తది, నాచును మళ్ల వాడుకోవచ్చు. కెనడాల మెక్‌గిల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బొహుమిల్ వొలెస్కీ లాంటోళ్లు 1980ల నుంచి దీని మీద పని చేసిన్రు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు. మన గ్రూపులల్లకి వీడియో ఇప్పుడొచ్చింది, అంతే.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడుగుత. నలభై ఏండ్ల కింద తెలిసిన పని కంపెనీల లోపల ఎందుకు కనిపించదు? నాచు దొరకకనా? సరే, నాచు వదిలేయండి. సున్నం కలిపి లోహాన్ని బురదలెక్క కిందికి దించే పద్ధతి దానికంటే పాతది. రెసిన్లతోని పట్టే పద్ధతి కూడా ఎప్పటినుంచో ఉంది. మందు లేక మన వాగులు పాడు కాలె. రాత్రిపూట గేటెత్తి వాగుల వదిలితే పైసా ఖర్చు లేదు, అందుకే పాడయినయ్.

చెరువుల ఎందుకు పని చేయదు

ఒక లెక్క చూడండి. ఒక ఫ్యాక్టరీ రోజుకు లక్ష లీటర్ల నీళ్లు వదులుతున్నదనుకోండి. లీటరుకి 10 మిల్లీగ్రాముల సీసం ఉన్నదనుకోండి. అంటే రోజుకు ఒక కిలో సీసం. ఆ లక్ష లీటర్లను ఫ్యాక్టరీ లోపల నాచు నింపిన గొట్టాల గుండా పంపితే, ప్రయోగశాల లెక్కన 5 కిలోల నాచు సరిపోతది. అసలు పనిల దానికి రెండింతలు మూడింతలు పట్టనీయండి, 15 కిలోలు. అయ్యే పనే గదా?

అదే ఒక కిలో సీసం మన చెరువుల కలిసినంక ఏమైతది? వంద ఎకరాల చెరువు, ఆరడుగుల లోతు అంటే 70 కోట్ల లీటర్ల పైన నీళ్లు. ఆ నీళ్లన్నీ మీ బస్తా గుండా పోవు. తూము కాడ నీళ్లు బస్తా పక్కనుంచి పోతయ్. ఆ నీళ్లల సున్నం, ఉప్పు లీటరుకి వందల మిల్లీగ్రాములు ఉంటయ్. మన బోరు నీళ్లు మరగబెడితే గిన్నెకు తెల్లగ అంటుకునేది అదే సున్నం. నాచుల ఉన్న జాగ కోసం సున్నం కూడా పోటీ పడ్తది. వేలల్ల ఒక వంతు ఉన్న లోహం ఆ గుంపుల నాచుకి దొరుకుడు కష్టం.

ఇంకోటి, చెరువుల కలిసిన లోహంల ఎక్కువ భాగం నీళ్లల ఉండదు, అడుగు బురదల కూసుంటది. పైన తేలే బస్తా అడుగు బురదను ఏం చేస్తది? మిషన్ కాకతీయల చెరువు పూడిక తీసి ట్రాక్టర్లతోని పొలాలకు తోలుకున్నం, యాదికున్నదా? మంచి చెరువు మట్టి బంగారమే. కానీ ఫ్యాక్టరీల కింద చెరువు మట్టిని పరీక్ష చేయించినంకనే తోలాలె. ఈ సంగతి ఏ బస్తా ఇచ్చేటోడు చెప్పడు.

ఇగ, బస్తా నీళ్లల నెలలకొద్దీ నానితే మురుగుతది. ఆల్జినేట్ కరిగి కారిపోతది. పట్టిన లోహం మళ్ల చెరువులనే పడ్తది. అందుకే గొట్టాలల్ల వాడే నాచును ముందే కాల్షియం క్లోరైడ్‌లాంటి దాంట్ల నానబెట్టి గట్టి చేస్తరు, జల్లెడ పట్టి ఒకే సైజు పలుకులు వాడ్తరు, నీళ్ల పులుపును చూసుకుంటరు. పులుపు ఎక్కువైతే నాచు లోహాన్ని పట్టుకోదు, పట్టింది కూడా ఇడుస్తది. చెరువు గట్టు మీద ఈ పని ఎవరు చేస్తరు? సర్పంచా? నీరటి కాడా?

ఆర్సెనిక్‌కు ఇది మందు కాదు

వీడియోల "అన్నీ గుంజేస్తది" అంటడు. గిది పచ్చి అబద్ధం. సీసం, రాగి, కాడ్మియం నీళ్లల ధన విద్యుదావేశంతోని ఉంటయ్. నాచు పట్టేది అసొంటియే. ఆర్సెనిక్ అట్ల ఉండదు. ఆరు రకం క్రోమియం కూడా అట్ల ఉండదు. మామూలు వాగు నీళ్లల ఆ రెండూ నాచుకు సరిగ్గ చిక్కయ్. అంతెందుకు, గోధుమరంగు నాచుల ఆర్సెనిక్ సముద్రం నుంచే సహజంగ ఉంటది.

మరి మా సంగారెడ్డి జిల్లాల కష్టం ఏంది? పటాన్‌చెరు, బొల్లారం దిక్కు మట్టిని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరీక్షించి 2001లనే రాసిన్రు. క్రోమియం, నికెల్, సీసం తోపాటు ఆర్సెనిక్ కూడా ఎక్కువున్నదని. అంటే మా దగ్గర ఉన్న విషాలల్ల నాచుకు చిక్కనియే ముఖ్యమైనయ్ ఉన్నయ్. ఇగ మందుల కంపెనీల వ్యర్థం సంగతి వేరే. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేల్చిన్రు. శుద్ధి చేసినంక ఉన్నది అంత! అసొంటి దానికి నాచు బస్తా ఏం జవాబు చెప్తది?

విషం మాయం కాదు, జాగ మారుతది

అన్నిట్ల పెద్ద మాట ఇదే. మురుగు అయితే కుళ్లి మట్టిల కలుస్తది. పురుగుమందు కూడా కొన్నేండ్లకు విరుగుతది. సీసం, కాడ్మియం మూలకాలు. కాల్చినా, పాతిపెట్టినా, నాచు గుంజినా అవి అవే. నీళ్లల నుంచి బస్తాలకు వస్తయ్, అంతే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ బస్తా ఎవరి ఇంట్ల ఉంటది?

జాగ మార్చుడు మనకు కొత్త కాదు. పటాన్‌చెరు కాలుష్యం నక్కవాగుల పడి మంజీరల కలుస్తుంటే 1990ల సుప్రీంకోర్టుల కేసు పడ్డది. ఏండ్లు గడిచినయ్. తర్వాత తీసుకున్న ఒక పెద్ద ఉపాయం ఏంది? 18 కిలోమీటర్ల పైపు వేసి శుద్ధి చేసిన నీళ్లను అంబర్‌పేట మురుగు ప్లాంటు దిక్కు పంపుడు. అంటే మంజీర బాధ మూసీకి. మనకు కొంచెం తగ్గితే మూసీ కింద వరి, గడ్డి పండించే అన్నదమ్ములకు పెరుగుడు. ఇప్పుడు పైపు పోయి బస్తా వచ్చింది, గంతే తేడా.

ఆ నాచు ఎరువు పేరుతోని వస్తే?

నాకు మస్తు భయమున్న సంగతి ఇది. మనం సముద్రపు నాచు మందులు ఇప్పటికే వాడుతున్నం. ఇఫ్కో సాగరిక లాంటివి షాపులల్ల దొరుకుతయ్. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. శుభ్రమైన సముద్రపు నాచుతోని చేసినయ్. కానీ మన ఊళ్లల్ల "నాచు అంటే పంటకు బలం" అనే మాట నిలిచిపోయింది. రేపు ఎవడో ఫ్యాక్టరీ నీళ్లు శుద్ధి చేసిన నాచును పొడి కొట్టి, "సేంద్రియ నాచు ఎరువు, బస్తా వంద రూపాయలు" అని ట్రాక్టర్‌ల తెస్తే మనం కొనమా? కొంటం. ఫ్రీగ ఇస్తే ఎగబడి తీసుకుంటం.

లెక్క చూడండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కంపోస్టు కిలోల సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటొద్దు. సీసం నిండ పట్టిన నాచు కిలోల 200 గ్రాముల సీసం ఉండొచ్చు. అంటే 2 లక్షల మిల్లీగ్రాములు. హద్దుకు 2000 రెట్లు. అందుల పదో వంతే పట్టింది అనుకున్నా 200 రెట్లు. ఒక్క బస్తా చాలు, గుంట భూమి పిల్లల కాలానికి కూడా బాగుపడకుండ చేస్తది.

చట్టం ప్రకారం అసొంటి నాచు ప్రమాదకర వ్యర్థం లెక్క పోవాలె. మన రాష్ట్రంల దానికోసం దుండిగల్ దగ్గర కేంద్రం ఉంది. లోడు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని కాగితం ఉండాలె. బస్తా మన చెరువు మీద కట్టిన్నాడు ఆ కాగితం ఎవరి పేరు మీద ఉంటది? ఫ్రీగ ఇస్తమన్న మనిషిని ఒక్కసారి ఇది అడగండి.

వరి ఏం చేస్తదో తెలుసుకోండి

"మనం తాగుతలేం గదా, పొలానికే గదా" అనేటోళ్లకు ఇది. నీళ్లు నిలబెట్టిన మడిల వరి ఆర్సెనిక్‌ను ఎక్కువ గుంజుతది. మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతది కానీ కాడ్మియం ఎక్కువ గుంజుతది. రెండూ ఉన్న నేలల రైతు ఎటు తిరిగినా నష్టమే. నీళ్ల యాజమాన్యంతోని తప్పించుకునే ముచ్చట కాదిది.

జపాన్‌ల తొయామా అనే జిల్లా ఉంది. జింజు నది కింద వరి పొలాలు. ఎగువన కమియోక గని. గని నుంచి కాడ్మియం నదిల పడి, కాలువల గుండా మడులకు, మడుల నుంచి బియ్యానికి వచ్చింది. ఏండ్ల తరబడి ఆ బియ్యం తిన్న ఆడోళ్లకు కిడ్నీలు పాడై, బొక్కలు మెత్తబడి, కొంచెం కదిలినా విరిగేటివి. ఆ రోగానికి పేరు "ఇతాయ్ ఇతాయ్". జపాన్ భాషల "నొప్పి నొప్పి" అని. 1968ల అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం రోగమని ఒప్పుకున్నది. 1971ల జిల్లా కోర్టుల, 1972ల పై కోర్టుల బాధితులు గెలిచిన్రు. పొలాలు బాగుచేసే పని 1979ల మొదలై 2012ల అయిపోయింది. 33 ఏండ్లు! ఒక రైతు జీవితమంత.

కానీ ఆ రైతులు సాధించింది వినండి. 1972ల కంపెనీతోని ఒప్పందం రాయించుకున్నరు. ఎప్పుడంటే అప్పుడు గని లోపలికి పోయి తనిఖీ చేసే హక్కు, నిపుణులను తీసుకపోయే హక్కు. దాని ఖర్చు కంపెనీదే. వాళ్లు బస్తాలు అడగలె. గేటు లోపలికి పోయే హక్కు అడిగిన్రు.

మన చట్టంల గీత

మన దేశంల పర్యావరణ నియమాల ఆరో షెడ్యూల్ చూస్తే కడుపు మండుతది. లోపలి నదులు, వాగులల్ల వదిలే నీళ్లకు సాధారణ ప్రమాణం కింద కాడ్మియం లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకా ఒప్పు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సాగు నీళ్లకు సూచించింది 0.01. అంటే 200 రెట్లు తేడా. అదే షెడ్యూల్‌ల సాగు భూమికి వదిలే నీళ్ల గడిల కాడ్మియం ఎదురుంగ అంకెనే లేదు, ఒక గీత ఉన్నది. సీసానికి కూడా గీతనే. వాగుల నీళ్లు కలిసి పల్చబడ్తయని రాసిన లెక్క అది. ఎండాకాలం మన వాగులల్ల కలవడానికి మంచి నీళ్లు ఎక్కడివి? ఫ్యాక్టరీ నీళ్లే వాగు.

"మేం ప్రమాణాల లోపలే ఉన్నం" అని కంపెనీ చెప్తే అది నిజమే కావచ్చు. ఆ ప్రమాణం మన మడిని చూసి రాసింది కాదు.

ఎదురు మాటలకు జవాబు

"కొత్తదంటేనే నీకు పడదు" అంటరు. నాచు గొట్టాలు నేను వద్దంటలేను. చిన్న చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్లు ఉన్నయ్ గదా, నికెల్, రాగి పూత వేసేటియి. వాళ్ల కడుగుడు నీళ్లల ఒకటి రెండు లోహాలే ఉంటయ్, పల్చగ ఉంటయ్. అసొంటి చోట నాచు మంచిగ పని చేస్తది. రెసిన్ కొనే స్తోమత లేని చిన్నోళ్లకు పది షెడ్లకు కలిపి ఒక కేంద్రం పెట్టి నాచు గొట్టాలు అక్కడ కడిగితే, లోహం కూడా వాపసు వస్తది. సముద్రం ఒడ్డున నాచు ఏరుకునే ఆడోళ్లకు నాలుగు పైసలు వస్తయ్. ప్రభుత్వం దానికి సబ్సిడీ ఇస్తే నేనే ముందు చప్పట్లు కొడ్త.

"కంపెనీ మూతపడితే పిల్లల ఉద్యోగాలు పోతయ్" అంటరు. మూయమని ఎవరన్నరు? నీళ్లు కడిగి వదలమంటున్నం. 1996ల సుప్రీంకోర్టు రాజస్థాన్ బిచ్ఛ్రి కేసుల, తమిళనాడు వేలూరు తోళ్ల ఫ్యాక్టరీల కేసుల స్పష్టంగ చెప్పింది: కాలుష్యం చేసినోడే ఖర్చు భరించాలె. మనం అడిగేది దేశం చట్టమే, దానం కాదు.

"ఫ్రీగ ఇస్తుంటే తీసుకుంటే ఏం పోయింది" అంటరు. బస్తా తీసుకొని సంతకం పెట్టిన్నాడు "ఊరోళ్లకు శుద్ధి ఏర్పాటు చేసినం" అని వాళ్ల ఫైల్‌ల కాగితం చేరుతది. రేపు చేపలు సస్తే "మీరు బస్తాలు మార్చలేదు" అంటరు. తప్పు చేసినోడు తప్పించుకుంటడు, కాపలా మనది అయితది.

అందుకే మనం అడగాల్సినయ్

1. చెరువు మీద, వాగు మీద నాచు బస్తాలు వద్దని గ్రామసభల తీర్మానం చేయాలె. శుద్ధి ఏదైనా కంపెనీ గేటు లోపలే జరగాలె.

2. వాడిన నాచు, సున్నం బురద, రెసిన్ ఏదైనా ఎంత పుట్టింది, ఏ రోజు దుండిగల్ పోయింది అనే లెక్క ప్రతి నెల పంచాయతీ బోర్డు మీద అంటించాలె.

3. ఏడాదికి రెండుసార్లు, వానకాలం ముందు ఒకసారి, ఎండాకాలంల ఒకసారి, వాగు నీళ్లు, చెరువు బురద, బోరు నీళ్లు, బియ్యం నాలుగూ పరీక్ష చేయించాలె. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, క్రోమియం పేర్లు రాసి మరీ అడగండి. మామూలు భూసార పరీక్షల ఇవి రావు. ఖర్చు కంపెనీది, నమూనా తీసేటప్పుడు రైతు పక్కన ఉండాలె.

4. తొయామా రైతుల లెక్క మనకూ తనిఖీ హక్కు కావాలె. చెప్పకుండ పోయి పైపు కాడ సీసా నింపుకునే హక్కు.

5. ఎక్కడి నుంచి వచ్చిందో తెల్వని నాచు పొడి, బురద ఎరువు, బూడిద పొలంల వేయొద్దు. ఫ్రీ అయినా వద్దు. బిల్లు, కంపెనీ పేరు, పరీక్ష కాగితం లేకపోతే ట్రాక్టర్‌ను ఊరి పొలిమేర నుంచే వాపసు పంపండి.

కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టేటప్పుడు ఈ అయిదు అంశాలు ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. సమాచార హక్కు కింద మీ దగ్గరి కంపెనీల అనుమతి కాగితాలు అడగండి. ఏ లోహానికి ఎంత హద్దు పెట్టిన్రో అందుల ఉంటది. ఆ కాగితం చేతిల ఉంటే మాట్లాడే తీరే మారుతది.

మీ ఊళ్లకు కూడా బస్తాల మనుషులు వచ్చి ఉంటే, ఏం చెప్పిన్రో, ఏం కాగితం మీద సంతకం అడిగిన్రో కింద రాయండి. సంతకం పెట్టకముందే రాయండి. వాగు కింది ఊళ్ల గ్రూపులల్ల ఈ పోస్టు పంపండి.